బజర్ లేకపోయినా బోర్డు నడవాలన్న మా గ్రేస్ అక్క

నిన్న పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే గ్రేస్ అక్క తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్క లేదురా" అన్నాడు.

ఎక్కడికెళ్లిందని అడిగాను. అతను ఏడ్చాక గానీ నాకు అర్థం కాలేదు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మొన్న సాయంత్రం కూడా మా గ్రూప్‌లో జోకులేసింది.

అక్క ఇక్కడే, ఛత్తీస్‌గఢ్‌లోని డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగింది. నాన్నగారు తెనాలి వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చారు. దేవేంద్ర నగర్‌లో ఒక చిన్న కంపెనీలో అక్క నాకు సీనియర్. హెల్త్ సెంటర్లలో వ్యాక్సిన్లు పెట్టే ఫ్రిజ్‌లకు టెంపరేచర్ మానిటర్లు తయారుచేసేవాళ్లం. మానిటర్ లోపలి బోర్డు మీద ఉండే సెన్సర్‌తో, టెంపరేచర్ పెరిగితే మోగే బజర్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్‌ని డ్రైవర్ అంటారు. అది రాయడం అక్క పని.

ఒకసారి బజర్ లేని చవక మోడల్ తెచ్చారు. బోర్డు స్టార్టే కాలేదు.

డ్రైవర్ బజర్ కోసం వెతికి, దొరక్కపోయేసరికి ఆగిపోయింది. టెంపరేచర్ సెన్సర్ బాగానే ఉంది. దాన్నీ చదవలేదు.

అప్పుడు అక్క సెలవులో ఉంది. బాస్ తొందరపెట్టడంతో, బజర్ దగ్గర ఏ ఎర్రర్ వచ్చినా వదిలేసి ముందుకెళ్లేలా టీమ్ మార్చేసింది. కొత్త మోడల్ నడిచింది. అదే సాఫ్ట్‌వేర్ బజర్ ఉన్న పాత మోడల్స్‌కి కూడా వెళ్లిపోయింది.

అక్క తిరిగొచ్చిన రోజే పాత మోడల్ ఒకటి టేబుల్ మీద పెట్టి, బజర్ కనెక్టర్ పీకింది. స్క్రీన్ మీద చిన్న వార్నింగ్ కూడా రాలేదు.

టీ కప్పు అక్కడే వదిలేసి స్కూటీ తాళాలు తీసుకుంది. నేను వెనక కూర్చున్నాను. మే నెల ఎండలో, మా పాత మోడల్స్ వాడుతున్న ఆరంగ్ వెళ్లాం.

అక్కడ ఒక సెంటర్‌లో బజర్ కనెక్టర్ నిజంగానే ఊడి ఉంది. ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడలేదు. టెంపరేచర్ పెరుగుతోంది. చప్పుడు లేదు.

నర్స్ పక్క గదిలో పిల్లలకు బరువు చూస్తోంది. ఫ్రిజ్ చూడలేదా అని అక్క ఛత్తీస్‌గఢీలోనే అడిగింది.

"నై బాజత్ హే, త సబ్ ఠీక్ హోహీ" అందామె. మోగట్లేదంటే అంతా బాగున్నట్టే కదా అని.

అక్క తలుపు మూసి, కనెక్టర్ బిగించి, మెషిన్ రీస్టార్ట్ చేసింది. స్టార్ట్ అవుతూ బజర్ ఒకసారి గట్టిగా మోగింది. లోపలి రీడింగులన్నీ తీసి చూస్తే టెంపరేచర్ ఇంకా లిమిట్ దాటలేదు. వ్యాక్సిన్లు దక్కాయి.

మర్నాడు మీటింగ్‌లో బాస్, స్క్రీన్ మీద ఎర్రర్లు చూపిస్తే కస్టమర్లు గోల చేస్తారన్నారు.

అక్క గొంతు పెంచలేదు. "సర్, బజర్ లేని మోడల్ అయితే ఫరక్ పడదు, నడవనీయండి. ఉండాల్సిన బజర్ పలకకపోతే మాత్రం చెప్పాల్సిందే. ఆ నర్స్ దాన్నే భరోసాగా పెట్టుకుని పని చేసుకుంటోంది."

అక్క సరిచేసేదాకా బాస్ డెలివరీ ఆపించారు.

ఆ తర్వాత మా డ్రైవర్లన్నీ అలాగే రాశాం. ఆ మోడల్‌లో బజర్ లేనే లేకపోతే మాట్లాడకుండా ముందుకెళ్లాలి. ఉండాల్సింది జవాబివ్వకపోతే టెంపరేచర్ చదువుతూనే, బజర్ పాడైందని స్క్రీన్ మీద చెప్పాలి. ఇంకా రెడీ కాకపోతే కాసేపాగి మళ్లీ అడగాలి. టెంపరేచర్ సెన్సరే లేకపోతే మాత్రం నడుస్తున్నట్టు నటించకూడదు.

కొత్తగా చేరినవాళ్లు కోడ్ చూపించి అయిపోయిందంటే, "ఠీక్ హై అనకు నాన్నా, వైరు పీకి చూపించు" అనేది.

ఈరోజు కాలనీ చర్చి నుంచి అక్కను సమాధుల తోటకు తీసుకెళ్లాం. అక్క వాళ్లాయన నా చెయ్యి పట్టుకుని, ఇన్నేళ్లు కలిసున్నా ఆఫీసులో ఆమె చేసే పనేంటో తనకు సరిగ్గా అర్థం కాలేదన్నారు. నేనక్కడ చెప్పలేకపోయాను.

బావగారూ, ఇదీ ఆమె చేసిన పని.

ఇక వెళ్లిరా అక్కా. దేవుడి దగ్గర నిమ్మళంగా ఉండు.