వదినె ఫోన్ బ్యాటరీ బాగానే ఉంది

నిన్న పొద్దున చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే ఆసిఫాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. సులోచన వదినె ఇక లేదు. నిద్రలోనే పోయిందట.

నేను నమ్మలేదు.

ముందురోజు సాయంత్రమే ఆమె నాతో గొడవ పడింది. గొడవ ఇంకా సగంలోనే ఉంది.

సులోచన వదినె నాకు వియ్యపురాలు, నా కోడలు రమకు తల్లి. మా ఇద్దరికీ పడేది కాదని ఇరువైపుల చుట్టాలకూ తెలుసు. చనిపోయింది కదా అని ఇప్పుడు పడేదని రాయను. సంబంధం మాట్లాడడానికి వచ్చిన నాడు మా ఇంట్లో చాయ్ తాగి "చక్కెర మీ దగ్గర అగ్గువనా?" అని అడిగిన మనిషి. ఆ తర్వాత ఇన్నేళ్ళలో నా చేతి చాయ్ బాగుందని ఒక్కసారీ అనలేదు.

పైగా అబద్ధాలు.

మాటల్లో నాది పైచేయి అవుతోందనగానే ఫోన్ కట్. కాసేపయ్యాక తనే చేసి, "బ్యాటరీ అయిపోయింది వదినె, పాత ఫోన్ గదా" అనేది.

నేను లెక్కల టీచర్‌గా రిటైర్ అయినదాన్ని. జవాబు చెబితే సరిపోదు, అది ఎలా వచ్చిందో నాకు చూపించాలి.

నిరుడు కరీంనగర్‌లో మా కొడుకు కొత్త ఫ్లాట్ గృహప్రవేశం నాడు అందరి ముందే ఆమె ఫోన్ అడిగి తీసుకున్నాను. సెట్టింగ్స్‌లో బ్యాటరీ, అందులో బ్యాటరీ హెల్త్. 'గుడ్' అని వచ్చింది. హాల్‌లో అందరికీ వినబడేలా చదివాను.

"ఏంది వదినె, నా ఫోన్ నాడి వట్టి చూస్తున్నవా?" అంది.

"పాణం గట్టిగనే ఉన్నది. మరి నాతోని మాట్లాడంగనే ఎందుకు సస్తది?"

"ఫోన్ మంచిదే వదినె. నీ మాటలకే దాని చార్జింగ్ దిగుతది."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఇప్పుడు కూడా నవ్వడం లేదు.

మొన్న సాయంత్రం గొడవ మనవరాలి ఎంగేజ్‌మెంట్ భోజనం గురించి. ఆకులో బూరెలు వేయాలని నేను. కాదు, పోలెలే, అంటే బొబ్బట్లే, వేయాలి, అవీ వాళ్ళ ఆసిఫాబాద్ పద్ధతిలో పల్చగా చేసి నెయ్యి పోయాలి అని ఆమె. "పిల్ల మా ఇంటిది, వంట కూడా మా ఇష్టమే" అని నేను అంటుండగానే కట్ అయింది.

ఎప్పటి అబద్ధమే కదా అనుకుని నేను మళ్ళీ చేయలేదు.

నిన్న నేను ఆసిఫాబాద్ చేరేసరికి ఆ ఇంట్లో ఒక కథ తయారుగా ఉంది. మంచం మీద ఆమె పక్కనే ఫోన్ స్విచాఫ్ అయి దొరికిందట. ఆఖరి మాటలు నాతోనేనట. గుమ్మం దగ్గర కూర్చున్న ఒకావిడ నాకు వినబడాలనే అంది: "వియ్యపురాలు లొల్లి వెట్టుకుంటుంటేనే గుండె ఆగిందట. ఫోన్ చేతులకెల్లి జారి పడ్డదట."

రమ నా దగ్గరికి వచ్చింది.

"మా అవ్వను ఏమన్నరు అత్తమ్మా?"

అంతే అడిగింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ నన్ను ఆ గొంతుతో ఏదీ అడగలేదు.

అక్కడ నేను నోటితో ఏం చెప్పినా చెల్లదు. ఫోన్ తెప్పించి చార్జింగ్ పెట్టించాను. "శవం ఇంకా లేవనే లేదు, ఈమెకు ఫోన్ గావాల్నట" అన్నవాళ్ళెవరో నాకు తెలుసు. ఈ పోస్ట్ మీరూ చదువుతారు. బాగా చదవండి.

రమ చేతే లాక్ తీయించాను.

బ్యాటరీ హెల్త్: గుడ్. అంటే సగం చార్జింగ్ ఉండగా దానంతట అది ఆరిపోయే ఫోన్ కాదు. ఇక మిగిలింది రెండే. ఆమే కట్ చేసి ఉండాలి, లేదా ఆమెకు ఏదో అయి ఉండాలి.

కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాను. ఆ సంగతీ రాస్తున్నాను.

బ్యాటరీ వాడకం చూపే గ్రాఫ్ తెరిచాను. నా కాల్ ఆగినప్పుడు చార్జింగ్ సగానికి పైనే ఉంది. తర్వాత ఆ గీత చాలాసేపు మెల్లమెల్లగా దిగుతూ పోయింది. ఫోన్ వాడుతూనే ఉన్నారు. కాల్స్‌లో చూస్తే నా పేరు పైన ఇంకో పేరు ఉంది. ఆమె చెల్లెలు ప్రమీల.

ఆ ప్రమీల చంద్రాపూర్ నుంచి అప్పుడే దిగింది. నన్ను పట్టుకుని ఏడుస్తూనే చెప్పింది.

"గంట సేపు నిన్నే తిట్టింది వదినె. 'ఆమె మాట నడిమిట్ల కట్ జేసిన, గిప్పుడు కుతకుత ఉడుకుతుంటది' అని ఒకటే నవ్వుడు. పొద్దుగాల లేసి నిన్ను ఒక మాట అంటనన్నది. పాటలు వినుకుంట పంటనని ఫోన్ వెట్టేసింది."

రమ అంతా విన్నది. వచ్చి నా పక్కన కూర్చుని భుజం మీద తల పెట్టింది. గుమ్మం దగ్గరి ఆవిడకు మాత్రం ఉన్నట్టుండి దాహం వేసింది. లేచి లోపలికి పోయింది.

కనుక అందరికీ తెలిసేలా రాస్తున్నాను. సులోచన వదినె ప్రాణం నా మాటలతో పోలేదు. ఆమే నా ఫోన్ కట్ చేసింది. కావాలని, నవ్వుకుంటూ, బోలెడు చార్జింగ్ ఉండగానే.

ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

పొద్దున లేచి అనాలనుకున్న మాట ఏమిటో ప్రమీల చెప్పబోయింది. నేను వద్దన్నాను. ఆమె నోటితో అంటేనే కదా, నేను తిరిగి ఒకటి అనగలను.

వదినె,
ఎంగేజ్‌మెంట్ ఎప్పుడు పెట్టుకున్నా ఆకులో పోలెలే వేయిస్తాను. పల్చగానే. నెయ్యి పోసే. నువ్వు గెలిచావని కాదు. అడ్డం చెప్పడానికి నువ్వు లేకుండా బూరెలు వేయించి నేనేం చేసుకోను?

పోయి రా. ఏ లొల్లీ లేని చోట నీ ప్రాణం నెమ్మదిగా ఉండాలి.

అక్కడ నీకు పొద్దుపోదు. నాకు తెలుసు.