బీరువాకి రబ్బరు

వన్ టౌన్‌లో మేం అద్దెకున్న ఇంట్లో ఇనుము ఎక్కువ కాలం ఇనుములా ఉండేది కాదు. ఒక పక్క సముద్రపు ఉప్పుగాలి, ఇంకో పక్క పోర్టులో ఓడలకెక్కించే ఇనుప ఖనిజం దుమ్ము. కిటికీ ఊచల మీద ఎర్రగా కనిపించేది తుప్పో దుమ్మో గోకి చూస్తే గానీ తెలిసేది కాదు. మా నాన్న పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన దృష్టిలో పాడైపోయిన వస్తువంటూ లోకంలో లేదు, బాగుచేసేవాడు దొరకని వస్తువు మాత్రమే ఉంది. బకెట్టుకి అడుగు, కుర్చీకి కాలు, గొడుగుకి పుల్ల, అన్నీ తనే వేసేవాడు. వేసిన ప్రతిదానికీ ఓడలకేసే బూడిద రంగు పూసేవాడు. మా ఇంట్లో పీట నుంచి పోపుల డబ్బా దాకా అన్నిటిదీ ఒకే రంగు.

అమ్మ అన్నీ ఓర్చుకుంది, బీరువా దగ్గర మాత్రం ఎదురు తిరిగింది. అడుగు రేకు చిల్లులు పడి, ఒక వానాకాలం తన పెళ్లినాటి ఆకుపచ్చ పట్టుచీర అంచుకి తుప్పు మరక అంటింది. నలుగురిలోకి కట్టుకెళ్లడానికి అమ్మకున్నది ఆ చీర ఒక్కటే. పైగా మా చిన్నమామయ్య పెళ్లి దగ్గరపడుతోంది.

"కొత్త బీరువా కొందారండీ. పూర్ణా మార్కెట్టు కాడ సూసొచ్చాను. నిలువుటద్దం ఉంది దానికి," అంది అమ్మ.

"దీనికేటైందిప్పుడు? అడుగు పోతే అడుగెయ్యాల, గాలొత్తంటే గాలాపాల. అద్దవెందుకు?" అన్నాడు నాన్న.

"నన్ను నాను సూసుకోడానికి."

నాన్న టేపు తెచ్చి పాత బీరువా కొలవడం మొదలుపెట్టాడు. ఇంట్లో పార్టీలు ఏర్పడ్డాయి. నేను అద్దం పార్టీ. అరచేతంత అద్దంలో అప్పటిదాకా నన్ను నేను ముక్కలు ముక్కలుగానే చూసుకున్నాను, మొత్తంగా ఎలా ఉంటానో చూడాలని చచ్చేంత కోరిక. చివరికి రాజీ కుదిరింది. నాన్న ఈ ఒక్కసారీ బాగుచేస్తాడు. మళ్లీ ఏ తేడా వచ్చినా నోరెత్తకుండా కొత్తది కొంటాడు.

ఓడల్లో సరుకు నింపే గదుల మూతలకి నీళ్లు దిగకుండా చుట్టూ రబ్బరు పట్టీ వేస్తారు. అరిగిపోయి పారేసిన పట్టీల ముక్కలు అడిగి తెచ్చుకున్నాడు నాన్న. బీరువాకి అడుగు వేశాడు, లోపలా బయటా బూడిద రంగు వేశాడు, తలుపు చుట్టూ రబ్బరు అతికించాడు, లాగి బిగించడానికి ఒక పెద్ద పిడి పెట్టాడు. రబ్బరు రంగుకి అంటుకుపోకుండా పైన గ్రీజు పూశాడు. ఓడల దగ్గర పద్ధతే అంత.

"ఆ జిడ్డు నా సీరకంటుకుంటే?" అంది అమ్మ.

"అంటుకోదు. దీన్ని సముద్రంలో పడేసినా నీ సీర తడవదు."

"నా సీర సముద్రంలోకెందుకెల్తాది?"

పెళ్లి రోజు పొద్దున్న బీరువా తెరుచుకోలేదు. నాన్న పిడి పట్టుకుని లాగాడు. గోడకి కాలు తన్నిపెట్టి లాగాడు. బీరువా ముందుకి జరిగింది తప్ప తలుపు కదల్లేదు. ఆయనతో పనిచేసే స్నేహితుడు గునపం పట్టుకుని వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది బీరువా కాదు బావా, ఓడ. టగ్గు పడవ కట్టి లాగాల," అన్నాడు.

గునపం పెడితే చీర చిరుగుతుందని అమ్మ తలుపుకి అడ్డంగా నిలబడింది. బస్సు వేళయింది. పక్కింటావిడ ఇచ్చిన నారింజ రంగు చీర కట్టుకుని అమ్మ తమ్ముడి పెళ్లికి వెళ్లింది. పెళ్లిలో ఎవరూ అడక్కముందే ఆ చీర కథ చెప్పింది, ఒక్కొక్కరికి ఒక్కో కొత్త ముక్క కలిపి. నాన్న వంటల దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేక అక్కడి గరిటెకి ఊడిన పిడి బిగించాడు.

తిరిగొచ్చాక రంపపు బ్లేడుతో రబ్బరు కోసి తలుపు తీశారు. లోపల చీర మడత చెదరకుండా ఉంది. నాన్న చీర వంక చూడనే లేదు, రబ్బరు వేలితో తడుముతూ కూర్చున్నాడు. "ఎన్ని ఓడలకేసుంటాను. ఎప్పుడూ ఇలగవ్వలేదు," అన్నాడు. కొత్త బీరువా వస్తోందని లోపల గంతులేస్తున్న నేను కూడా ఆ ముఖం చూసి, కోసిన రబ్బరు ముక్కలు ఏరి ఆయన పక్కన పెట్టాను.

మాట ప్రకారం నిలువుటద్దం ఇంటికొచ్చింది. నేను పైనుంచి కిందికి ఒకేసారి కనిపించాను, పెద్ద గొప్పగా లేను. కోసిన రబ్బరు మళ్లీ అతికించి గ్రీజు పూసి, నాన్న పాతదాన్ని వంటింట్లోకి తోసేశాడు. అమ్మ అందులో అప్పడాలూ వడియాలూ దాచింది. ముసురు పట్టిన రోజుల్లో కూడా అవి మెత్తబడలేదు. ఊళ్లో అందరి కందిపప్పుకీ పురుగు పట్టింది, మా బీరువాలో పప్పుకి పట్టలేదు. ఈ సంగతి గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. నాన్న మాత్రం అప్పటినుంచి విరిగిన కుర్చీ ఎదురుగా ఉన్నా చెయ్యి వేసేవాడు కాదు. "కొత్తది కొనండి" అనేవాడు. ఆ మాట ఆయన నోట వింటే నాకు ఏడుపొచ్చేది.

రెండు వానాకాలాలకి కొత్త బీరువా అడుగున ఎర్ర పొడి రాలడం మొదలైంది. అమ్మ దాన్ని చీపురుతో ఊడ్చి పారేసేది. ఒక సాయంత్రం నాన్న టీ తాగుతుంటే ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఏటండీ, దీనికి కూడా ఆ రబ్బరెయ్యండి."

"నానెయ్యను. మల్లీ అంటుకుపోద్ది. నా పనితనవేటో అందరూ సూసారు కదా."

అమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"ఈసారి అంటుకోదు. గ్రీజు నాను తుడవన్లెండి."

నాన్న గ్లాసు దింపాడు. "ఏటన్నావు? దేంతో తుడిసావు?"

"కిరసనాయిలు గుడ్డతో. సీరకి జిడ్డంటుకుంటాదేమోనని."

ఇల్లెగిరిపోతుందనుకున్నాను. నాన్న ముఖం మెల్లగా విచ్చుకుంది. "కిరసనాయిలా," అని తనలో తనే రెండుసార్లు అనుకున్నాడు. తర్వాత టీ సగంలో వదిలేసి, చొక్కా అయినా వేసుకోకుండా, తప్పు రబ్బరుది కాదని చెప్పడానికి స్నేహితుడి ఇంటికి పరిగెత్తాడు.