ఎర్ర లైటు

తిరుత్తణిలో మా మేనత్త టీవీ చూడడం అయినాక మోకాళ్ల నొప్పితో లేచి, గోడ పట్టుకోని పోయి స్విచ్ ఆపేస్తా ఉండేది. అట్ల చేయమన్నది నేనే. "రిమోట్‌తో ఆపితే సరిపోతాదా? ఆ ఎర్ర లైటు అట్లే వెలగతా ఉంటే కరెంటు దండగ కాదా?" అని ఒకసారి గట్టిగా అరిచినాను.

మొన్న పోయినప్పుడు చూస్తే, సీరియల్ మధ్యలో ఏవేవో ప్రకటనలు ఊడిపడతా ఉండాయి. తెలియని యాప్ ఏదో లోపలికి దూరింది. సెట్టింగుల్లో చూస్తే సాఫ్ట్‌వేర్ కొన్ననాటిదే. ఇట్లాంటివి దూరేదానికి దాంట్లో బయటపడిన కన్నాలను పూడ్చేదానికి కంపెనీ అప్‌డేట్లు పంపిస్తానే ఉంటాది. వచ్చింది కంపెనీదేనా అని సరిచూసుకోని టీవీ తనే ఎక్కించుకుంటాది. ఈ టీవీ ఆ పని చేసుకునేది మనం చూడనప్పుడు, ఆ ఎర్ర లైటు వెలగతా ఉన్నప్పుడే.

యాప్ తీసేసి, అప్‌డేట్ ఎక్కించి, "ఇంక స్విచ్ ఆపొద్దు అత్తా" అన్నాను.

అత్త మొహం చిన్నబోయింది. "నేనేమన్నా చెడగొట్టినానా అయ్యా?"

"లేదత్తా, ఈ టీవీలే ఇంత" అన్నాను.

స్విచ్ ఆపమని ఆ పొద్దు అంత గట్టిగా అరిచిన నోరే ఇది. తప్పు నాదని చెప్పేదానికి మాత్రం పెగల్లేదు.