గుర్వమ్మ తుంటి మీద ఎర్ర మందు

రామన్నపేట పక్క ఊరి గుర్వమ్మ గొర్ల ఎనుక నిలబడి కూత పెడితే, కృష్ణ అవతలి ఒడ్డున మేసే గొర్లు గూడ తలకాయలెత్తేవి. నందికొండ కాడ డ్యాం కట్టే కూలోళ్లయితే బువ్వగంట కొట్టిండ్రనుకొని తట్టలు దించి కూసున్నరు. నమ్మకపోతే మీ ఖర్మ.

అసొంటి గుర్వమ్మను అరవై దాటినంక సొంత పొట్టేలే కుమ్మి బండ మీద పడేసింది. కాలు కదలదు. ఎముకలకు కట్లు కట్టే లచ్చయ్య వెదురుబద్దలు పట్టుకొచ్చి, అటు చూసి ఇటు చూసి, "తుంటికి బద్ద ఏడ కట్టాలె అక్కా?" అని తనే ఆగమైండు. ఇగ లాభం లేదని కొడుకు అంజన్న లారీల పండబెట్టి పట్నం దవాఖానకు తోలుకపోయిండు.

డాక్టరు ఎక్స్‌రే ఫోటోను వెలుతురుకు పెట్టి చూసిండు. "తుంటి గిన్నె పగిలింది. తొడ ఎముక గుండు లోపలికి దిగింది. ఊకె పండబెడితే ఈ వయసుల మంచానికే అతుక్కపోతది. కోసి, గిన్నె సరిచేసి, రేకు పెట్టి మరలు బిగిస్త. పానానికి భయమే లేదని మాత్రం అనను."

గుర్వమ్మకు ఒక్క ముక్క ఎక్కలే. గిన్నె అంటడు, గుండు అంటడు, రేకు అంటడు. ఇది దవాఖాననా, గిన్నెలకు మాట్లేసే దుకాణమా? ఆమెకు కావలసింది ఒక్కటే: మళ్ల మంద ఎనుక నడవాలె.

అంజన్న కోతకు ఒప్పుకున్నట్టు కాగితం మీద వేలిముద్ర వేసిండు. తెల్లారి గంజి అడిగితే ఇయ్యలే. నీళ్లడిగితే ఇయ్యలే. ఆఖరికి నర్సు వచ్చి తుంటి నిండ ఎర్రటి మందు పూసింది.

గుర్వమ్మ మెడ తిప్పి ఆ ఎరుపు చూసింది. అంగట్ల బేరం తెగినంక కటికాయన గొర్రె తుంటి మీద గిట్లనే ఎర్ర జాజు పూస్తడు. కోసే పూట మేత ఆపుతరు. ఇంకేం కావాలె?

"ఎవలికమ్మినవ్ రా నన్ను?"

"గదేందే అమ్మా! నిన్నెవలు కొంటరే?"

"ఏం, నాకేం తక్కువ?"

అమ్మినందుకు తిట్టాల్నో, ఎవలు కొనరన్నందుకు తిట్టాల్నో గుర్వమ్మకు తెల్వలే. రెండింటికీ కలిపి తిట్టి, మంచం రాడ్డు గట్టిగ పట్టుకున్నది. "ఈ జాజు తుడువుండ్రి. ఇంటికి పోత."

అంజన్నకు ఏడుపొక్కటే తక్కువ. జాజు ముచ్చట అతని నోట విని, నర్సు అదే దూదితో తన ముంజేతికి గూడ పూసుకున్నది.

"ఇగో అవ్వా, ఇది చీము పట్టకుండ పూసే మందు. అమ్ముడుపోతే ఇద్దరం పోదాం."

గుర్వమ్మ ఆ చెయ్యి చూసింది, తన తుంటి చూసింది. "కటికాయన కోసినంక కుడతడా?"

"కుట్టడు."

"మరి ఈయన?"

"కుడతడు. నేను పక్కనే ఉంట."

సగం సమజై సగం కాకనే గుర్వమ్మ రాడ్డు ఇడిచింది.

కుట్లు మాని, చాన్నాళ్లు మంచంల ఉండి ఊరికొచ్చిన గుర్వమ్మ లారీల నుంచి అమాంతం దుంకి, మందను దాటి ఉరికి, గొర్లకంటె ముందే నల్గొండల తేలిందని ఊరంత చెప్పుకుంటది. గుర్వమ్మను అడిగితే మాత్రం గింతే అంటది:

"ఉరకలే. అంజిగాడు ముంగట పోతడు, నేను కర్ర పట్టుకొని ఎనుక పోత. నొస్తది."