తాటి దూలాల చర్చి

మల్లాపూర్ దాటి గోదావరి వైపు వెళ్తే రోడ్డు ఆగిపోయే చోట మా ఊరు. గోదావరిని మేం గంగ అంటాం. మంచి భూములన్నీ ఊరివాళ్ళవి. వరదొస్తే మునిగే ఒడ్డు మాత్రం మా వాడకు మిగిలింది. ఆ ఒడ్డున కాస్త ఎత్తుగా ఉన్న దిబ్బ మీద రాతిగోడలతో, పెంకుల కప్పుతో మా చర్చి ఉండేది. మా వాళ్ళు దాన్ని గుడి అనే పిలుస్తారు.

గోడలు నెర్రెలిచ్చి, వానొస్తే లోపలికి కారుతోందని దాన్ని విప్పి కొత్తది కట్టాలని సంఘంలో నిర్ణయించారు. అమ్మకన్నా పదేళ్ళు చిన్నవాడైన మా మేనమామ సంఘపెద్ద. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసి, కళ్ళు మందగించాక ఊరికి తిరిగొచ్చిన మనిషి. నేను జగిత్యాలలో సర్కారు బడి టీచర్ని. ఒకరోజు మామ ఫోన్ చేశాడు.

"బిడ్డా, కొత్త గుడికి రాయి పెడుతున్నం. దాని మీద చెక్కియ్యను గుడి చరిత్ర నాలుగు ముక్కలు రాసియ్యి. సదువుకున్నదానివి."

"ఏం రాయాలె మామా?"

"ఏమున్నది, దొర కట్టించిండని రాయి. అందరికి ఎరుకే గదా."

నాకూ ఎరుకే. జగిత్యాలలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ఎవరైనా మా ఊరి గురించి అడిగితే, మా చర్చిని ఒక తెల్లదొర కట్టించాడని ముందుగా చెప్పేదాన్ని. ఆ మాట చెప్పేస్తే మా అమ్మ ఎవరి పొలంలో నాట్లేస్తుందో చెప్పాల్సిన అవసరం రాదనిపించేది.

కాగితం ముందు కూర్చున్నాను. ఒక్క వాక్యం రాశాక పెన్ను కదల్లేదు. దొర ఎక్కడివాడు, ఎన్నాళ్ళు మా ఊళ్ళో ఉన్నాడు, పనివాళ్ళు ఎక్కడినుంచి వచ్చారు, నాకేదీ తెలియదు. ఆదివారం ఊరికి వెళ్ళాను. అమ్మ, మా మాటలో అవ్వ, అరుగు మీద కూర్చుని చింతపండులోంచి గింజలు తీస్తోంది.

"అవ్వా, దొర మన గుడి కట్టించుకుంట ఎన్ని రోజులున్నడు?"

"ఒక్కనాడే అచ్చిండు. పొద్దుగాల అచ్చిండు, ప్రార్థన జేసిండు, ఒక రాయి వెట్టిండు, పోయిండు."

"మరి తక్కిన రాళ్ళు?"

"మేం మోసినం."

బాయి నుంచి నీళ్ళు తెచ్చామన్నంత మామూలుగా అన్నది. అప్పటికి ఆమెకు ఆరో ఏడో ఏళ్ళు. పొలం పని ముగించుకుని వచ్చిన ఆడవాళ్ళు, పొద్దు ఇంకా ఉండగానే మళ్ళీ గంగలోకి దిగేవాళ్ళట. తలమీద చుట్టబట్ట పెట్టుకుని ఒక్కొక్కరు ఒక్కో రాయి ఎత్తుకుని దిబ్బ ఎక్కేవాళ్ళు. మా అమ్మమ్మ వెనకే అమ్మ లంగా ఒడిలో గులకరాళ్ళు వేసుకుని నడిచేది.

"ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న నాకు చెప్పలేదేంది?"

"నువ్వు అడిగినవా?"

నేనూ పక్కన కూర్చుని గింజలు తీయసాగాను. అమ్మే మళ్ళీ అందుకుంది.

"గోడలైతే లేసినయి గని కప్పుకు కట్టె లేకుండె. గౌండ్లాయన దూలాలిచ్చిండు. ఆయన ఇప్పుడు లేడు. ఆయన బిడ్డను కోరుట్ల ఇచ్చిండ్రు. ఆమె గా గుడిలనే పుట్టింది."

కల్లు గీసే ఇంటి ఆడపిల్ల మా చర్చిలో పుట్టిందన్న మాట అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. తర్వాతి ఆదివారం అడ్రస్ కనుక్కుని కోరుట్ల వెళ్ళాను. ఇంటిముందు నీడలో ఒక పెద్దావిడ ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఎవరి బిడ్డవని అడిగింది. మా అమ్మమ్మ గురించి చెప్పాను. ఆవిడ చాట పక్కన పెట్టి నా చేయి పట్టుకుంది.

"గా మంత్రసాని మనుమరాలివా? కూసో బిడ్డా."

ఆవిడ చెప్పింది తన తల్లి దగ్గర విన్న కథ. అప్పటికి మా గుడి అదే దిబ్బ మీద మట్టిగోడల గుడిసె.

"మా ఇల్లు గంగ ఒడ్డుకే ఉండె. మా బాపు అవుతల దిక్కు కల్లుకు తాళ్ళు గీయ పోయిండు. పగటీలి నడిపొద్దుకు వరద నీళ్ళచ్చినయి. గప్పుడే మా అవ్వకు నొప్పులు మొదలైనయి. ఊర్లెకు పొయ్యే తొవ్వ మునిగింది. మీ అమ్మమ్మ, ఇంకో నలుగురు ఆడోళ్ళు మా అవ్వను మంచం మీద మోసుకపోయి మీ గుడిసెల పండవెట్టిండ్రు. నేను ఆన్నే పుట్టిన."

"మీ బాపు ఎప్పుడచ్చిండు పెద్దమ్మా?"

"నీళ్ళు తీసినంక. పెండ్లాం ఉన్నదో లేదో తెల్వక మూడొద్దులు అవుతలి ఒడ్డుకు నిలవడ్డడట. అచ్చి సూస్తే మేమిద్దరం మంచిగున్నం. మీ గుడిసె గోడ మటుకు కూలింది."

ఆ గుడిసె పోయాకే మా వాళ్ళు రాతిగోడలు లేపారు. కప్పు దగ్గర పని ఆగిపోయినప్పుడు ఆవిడ తండ్రి వచ్చి తన తాటిచెట్లు కొట్టుకొమ్మన్నాడట. కల్లు పారే చెట్లు అవి.

"మా కులపోళ్ళు కోపం జేసిండ్రు. పారే చెట్టు కొడితే ఏం తింటవ్ అన్నరట."

"ఆయన ఏమన్నడు?"

"గొడ్డలి వట్టుకోని ఆయనే మొదలువెట్టిండట."

తిరుగు బస్సులో నాకు చిన్నప్పటి ఆదివారాలు గుర్తొచ్చాయి. ప్రార్థన సాగుతుంటే నేను పైకి చూస్తూ ఆ నల్లటి దూలాలు లెక్కపెట్టేదాన్ని. అవి ఎవరి చెట్లని ఎన్నడూ అనుకోలేదు.

ఇంటికొచ్చి మూడు వాక్యాలు రాసి, ఊరికి వెళ్ళి మామకు చదివి వినిపించి కాగితం చేతికిచ్చాను.

"దొరను తీసేసినవా?"

"తీసెయ్యలే మామా. ఒక్క రాయి వెట్టిండని రాసిన."

"కల్లుగీసేటాయన ముచ్చట గుడి రాయి మీద ఎట్ల రాస్తం? బయటి సంఘాలోళ్ళు అస్తరు. ఏమనుకుంటరు?"

నాకు కోపం రాలేదు. ఆయన సిగ్గూ నా సిగ్గూ ఒకటే. సిరిసిల్లలో కిరాయికి గది అడిగినప్పుడల్లా మీరెవరని అడిగే మనుషుల మధ్య ఆయన సగం జీవితం గడిపాడు. మా గుడి దొర కట్టించింది అన్న మాట ఆయన్ని ఎన్నిసార్లు తలెత్తుకునేలా చేసిందో. ఇప్పుడు నేను దాన్ని లాక్కుంటున్నట్టు ఆయనకు అనిపించి ఉంటుంది.

అయినా ఆయన ఆ కాగితాన్ని దాచలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ చదివించాడు. కొందరు దొర మాట ఒక్కటే చాలన్నారు. కొందరు అసలు రాయే వద్దన్నారు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి మా అమ్మ లేచింది. సంఘంలో ఆమె నోరు తెరవడం నేనెన్నడూ చూడలేదు.

"దొరకు దండం వెడుత. ఆయన వాక్యం దెచ్చిండు. కని రాయి ఎంత బరువుంటదో ఆయనకు తెల్వది. మా అవ్వకు తెల్సు. గా దూలాల కింద ఇన్నేండ్లు మోకరించినం. అవి ఎవలయో చెప్పుకుంటే మనకేం తక్కువైతది?"

అంతే చెప్పి కూర్చుంది. ఆ మాటలే చెక్కిద్దామని చెప్పి, మామ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రాళ్ళు మోసిన ఆడవాళ్ళ పేర్లు చెక్కిద్దామని నేను ఇల్లిల్లూ తిరిగాను. ఆరుగురి పేర్లే దొరికాయి. మిగతావాళ్ళు ఫలానాయన భార్య, ఫలానామె తల్లి. కొందరిని రాసి కొందరిని వదిలేయడానికి మనసొప్పలేదు. చివరికి ఎవరి పేరూ వద్దనుకున్నాం. రాయి మీద ఇలా ఉంది: ఒక దొర మొదటి రాయి పెట్టాడు. మిగతా రాళ్ళు ఈ వాడ ఆడవాళ్ళు గంగ నుంచి మోశారు. దూలాలు ఒక గౌండ్లాయన ఇచ్చాడు.

పాత కప్పు విప్పినప్పుడు చూస్తే దూలాల్లో రెండు గట్టిగా ఉన్నాయి. మేస్త్రీ వాటిని కొత్త చర్చి ముందరి వరండాకు వేశాడు. ప్రారంభం రోజున కోరుట్ల పెద్దావిడ వచ్చింది. ఆమెకు చదువు రాదు. నేను చదివి వినిపిస్తే, ఇంకోసారి చదవమంది. తర్వాత మా అమ్మను అడిగింది.

"నేను పుట్టింది ఏడ అక్కా?"

అమ్మ ఆమెను లోపలికి తీసుకెళ్ళి, కొత్త బండల మీద కాసేపు అటూ ఇటూ చూసి, కిటికీ పక్కన ఒక చోట నిలబెట్టింది.

"గీడనే. మంచం తల గోడదిక్కుండె."

పెద్దావిడ అక్కడే కూర్చుంది. జనం నిండిపోయి ఆరాధన మొదలైంది. ఆమెను కుర్చీలోకి రమ్మని ఎవరో పిలవబోతే మామ ఆపాడు. పాటలు తనకు తెలియవు కాబట్టి ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటూ ఉండిపోయింది.

ఇప్పుడు గంగలో ఆ నీళ్ళు లేవు. ఎండాకాలం ఇసుక ట్రాక్టర్లు నడిమధ్యకు వెళ్ళి వస్తుంటాయి. దిబ్బ దాకా నీళ్ళొచ్చాయంటే మా బడి పిల్లలు నమ్మరు.

భోజనాలయ్యాక పెద్దావిడ బస్సుకు బయల్దేరింది. మామ ఆటో పిలిపించాడు. ఆమెను ఎక్కించి వెనక్కి వస్తాడనుకున్నాను. తానూ ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాడు.

"కోరుట్ల దాక నేను తోలుకపోత," అన్నాడు.

ఆటో కదిలేసరికే ఆయన ఆమెను వాళ్ళ బాపు గురించి ఏదో అడుగుతున్నాడు. ఆమె చేతులు తిప్పుతూ చెబుతోంది.