బోరుకు చెవి ఆనించే జలాల్

జహీరాబాద్‌లో మోటార్లు బాగుచేసే జలాల్‌కు మీటర్ల మీద పెద్ద గౌరవం ఉండేది కాదు. బోరు పైపుకు చెవి ఆనించి, అడుగున మోటారు తిరుగుతోందో లేదో చెప్పేసేవాడు. చుట్టుపక్కల రైతులు ఆ చెవిని నమ్మే ఆయన్ను పిలిచేవారు. కొన్నేళ్ళుగా ఆ చెవే మొరాయిస్తోంది. సంగతి బయటపడితే ఇక ఎవరూ పని చెప్పరని ఇంట్లో కూడా నోరు విప్పలేదు. అంత మొండిమనిషి.

కూతురు ముబష్షిరా హైదరాబాద్‌లో ఒక కాలేజీలో సెన్సర్ల మీద పనిచేస్తుంది. కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత బలం పుడుతుంది. అది తగిలితే ఆమె తయారుచేసిన సన్నని పట్టీ రవ్వంత సాగి, అందులో కాస్త ఓల్టేజి పుడుతుంది. తీగ కోయక్కర్లేదు, తొడుగు ఒలవక్కర్లేదు. పక్కన ఆనిస్తే ఎంత కరెంటు పోతోందో చిన్న తెర మీద కనిపిస్తుంది. రంజాన్‌కు వచ్చినప్పుడు ఒకటి తండ్రికిచ్చి, వాడే పద్ధతంతా వివరించింది. ఆయన అన్నిటికీ తల ఊపాడు.

మొన్న ఝరాసంగంలో బీరమ్మ బోరు నీళ్ళు పోయడం మానేసింది. జలాల్ స్టార్టర్ వేయించి, లోపలికి దిగే కేబులుకు పట్టీ ఆనించాడు. తెర మీద సున్నా. మోటారు కాలిపోయిందన్నాడు. మనుషులను పిలిచి, ఎండలో పైపులన్నీ పైకి లాగించి, మోటారు బయటపెట్టించాడు. నేల మీద స్విచ్చి వేస్తే అది లక్షణంగా తిరిగింది. మరి నీళ్ళేవని వెతికితే, పత్తిచేను కింద పైపు పగిలి అక్కడంతా బురదగా ఉంది.

జలాల్‌కు తల కొట్టేసినట్టయింది. కూతురికి మెసేజ్ పెట్టాడు. కేబులు మొత్తానికి ఆనిస్తే మూడు తీగల బలాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయనీ, తీగలు విడిపోయిన చోట ఒక్కోదానికి పెట్టమని అప్పుడే చెప్పాననీ జవాబు వచ్చింది. చెప్పే ఉంటుంది. ఈయనకు వినిపిస్తే కదా!

పట్టీ పాడైందంటే సరిపోయేది. నేనైతే నిక్షేపంగా ఆ మాటే అనేవాణ్ణి. కానీ అది బిడ్డ చేసిన పని. జలాల్ కాసేపు కేబులు చుట్ట చుడుతూ కూర్చుని, లేచి బీరమ్మ దగ్గరికి నడిచాడు.

"బీరమ్మక్కా, పట్టీ మంచిదే. తప్పు నాది. నాకు చెవులు ఇనవడ్తలెవ్వు. బిడ్డ చెప్పింది నేనే ఇనలె."

బీరమ్మ చీరకొంగుతో ముఖం తుడుచుకుంది.

"గది మాకెర్కనే భాయ్. నువ్వొస్తె ఊరంత మొత్తుకుంటనే మాట్లాడ్తం గద. జర నీళ్ళు తాగి, మోటర్ మల్ల దించు."

జలాల్ నీళ్ళ చెంబు అందుకున్నాడు. ఝరాసంగం వాళ్ళకు గొంతులే పెద్దవని ఆయన ఇన్నేళ్ళుగా అనుకుంటున్నాడు.