కొబ్బరి చిప్ప బొగ్గు

కెనడాలోని ఒషావాలో నేను అద్దెకు దిగిన బేస్‌మెంట్‌లో, బట్టలు ఉతికే గదిలో నాలుగు యంత్రాలు ఉండేవి. ఒకటి వాషర్. రెండోది డ్రయ్యర్. మూడోది, మూత మీద "పచ్చళ్లు, కదపొద్దు" అని కాగితం అంటించిన ఫ్రీజర్. నాలుగోది మాత్రం చూడగానే అర్థం కాలేదు. చిన్న స్టీలు బిందె ఆకారం, మూతలో ఫ్యాను, పక్కకు వంగిన ముక్కులాంటి గొట్టం.

"అది డిస్టిల్డ్ వాటర్ మిషన్ అబ్బాయ్," అన్నారు ఇంటి అంకుల్. "గురక మిషన్ పెట్టుకుని పడుకుంటాను కదా, దాంట్లో పోయాలి. కుళాయి నీళ్లు పోస్తే గార కడుతుంది."

సాంకేతికంగా సరైన జవాబు. నేను నమ్మాను.

ఆ రోజుల్లో ఒషావాలో బస్సెక్కితే డ్రైవరు తప్ప అందరూ మా కాలేజీవాళ్లే అనిపించేది. కాలేజీలో సీటు దొరికినంత సులువుగా ఊళ్లో గది దొరికేది కాదు. అంతకుముందు రెండు నెలలు నేనొక ఇంటి హాల్లో ఉన్నాను. హాలుని కర్టెన్లతో నాలుగు భాగాలు చేశారు, నాది రెండో కర్టెన్. కాబట్టి ఈ బేస్‌మెంట్ నాకు ఎందుకు ముఖ్యమో విడిగా రాసుకోనక్కర్లేదు గానీ, రాసుకున్నాను: తలుపుకు తాళం, ఒక కిటికీ, బస్‌స్టాపుకు నాలుగు నిమిషాలు, సాయంత్రం పై నుంచి మెట్ల మీదుగా దిగివచ్చే చారు వాసన. ఒక్కోసారి వాసనతో పాటు గిన్నె కూడా దిగివచ్చేది.

అంకుల్‌ది కాకినాడ వైపు. కార్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో చేసి రిటైరయ్యారు. ఆంటీ బ్యాంకులో చేసి రిటైరయ్యారు. నాది కరీంనగర్ వైపు. కెమికల్ ఇంజనీరింగ్ చదివి, ఇక్కడ నీటి శుద్ధి కోర్సులో చేరాను.

మూడో వారంలో ఒక ఆదివారం బట్టలు వేయడానికి వెళ్తే నాలుగో యంత్రం నడుస్తోంది. గదంతా పులిసిన యాపిల్ వాసన. దాని వెనక ఇంకో ఘాటు వాసన, ముక్కు లోపల గీరినట్టు.

"అంకుల్, నీళ్లకి యాపిల్ వాసన రాదు కదా."

"ఒంటారియో నీళ్లయ్యా, ఇక్కడ అన్నీ అంతే," అన్నారాయన. నా ముఖం చూసి ఒక్క నిమిషంలో దారికొచ్చారు. "సరే, నువ్వు కెమికలా, మెకానికలా?"

"కెమికల్."

"దేవుడే పంపించాడు. కూర్చో."

డ్రయ్యర్ మీద కూర్చుని మొత్తం విన్నాను. పెరట్లో యాపిల్ చెట్టుంది. రాలిన పళ్లతో ఆయన వైన్ పెట్టారు. వైన్ పుల్లబడింది. పారబోయడానికి మనసొప్పక నీళ్ల మిషన్‌లో పోశారు. అవతలి నుంచి తెల్లగా, నీళ్లలాగే దిగింది. దాన్ని సీసాలో పోసి రిచ్‌మండ్ హిల్‌లో ఉన్న స్నేహితుడి దగ్గరికి పట్టుకెళ్లారు.

ఆ స్నేహితుడు రిటైరైన డాక్టరు. ఇద్దరూ ఒకే చలికాలంలో ఈ దేశంలో దిగి, మొదట్లో ఒకే గదిలో ఉన్నవాళ్లు. అప్పటి నుంచీ అంకుల్ తన చేత్తో చేసిన ప్రతి వస్తువునీ ఆయనకు చూపించడం, ఆయన దాన్ని చీల్చి చెండాడడం ఆనవాయితీ. ట్రెడ్‌మిల్ మోటారుతో చేసిన వెట్ గ్రైండర్‌ని చూసి "పిండి ఎంత దూరం పరిగెత్తింది?" అని అడిగారట. ఇంటి కప్పు మీది మంచు లాగే కర్రని చూసి "పళ్లు గీకేదా? పంటి డాక్టరుకి పంపించు" అన్నారట. ఈసారి సీసా మూత తీసి వాసన చూసి, హాల్లో అందరికీ వినపడేలా "ఎవరో గోళ్లరంగు తుడిచే మందు మర్చిపోయినారప్పా" అన్నారు.

"ముప్పై ఏళ్లయ్యా," అన్నారు అంకుల్. "ఒక్కసారి కూడా 'బాగుంది' అనలేదు. ఒక్క మాట! యాక్టివేటెడ్ కార్బన్‌లో, అదే బొగ్గులో, వడపోస్తే వాసన పోతుందని చదివాను. నీకు తెలిసే ఉంటుంది. ఆ మాట అనిపించి పెట్టు."

నేను నా గదిలోకెళ్లి ఒక కాగితం రాసుకుని పైకి వచ్చాను. ఆంటీ వంకాయలు కోస్తున్నారు. అంకుల్‌కి ఆవిడ ముందే చదివి వినిపించాను.

"ఒకటి. ఈ దేశంలో ఇంట్లో వైన్ పెట్టుకోవచ్చు గానీ, లైసెన్స్ లేకుండా సారా కాయడం నేరం. రెండు. నేను స్టడీ పర్మిట్ మీద ఉన్నా. నేనుండే ఇంట్లో బట్టీ నడిస్తే నాకు భయం, ఉండలేను. మూడు. కార్బన్ వాసన తీస్తది అంకుల్, విషం తియ్యదు. ఇందులో మిథనాల్ ఎంతుందో మనకు తెల్వదు. ఉంటే, బొగ్గులోంచి అట్లనే దిగుతది. వాసన పోయిందని ధైర్యంగా ఇంకో గ్లాసు తాగుతరు, అది ఇంకా డేంజర్."

మొదటి రెంటికీ ఆయన దగ్గర జవాబులున్నట్టే కనిపించింది. మూడోది విని ఆంటీ వైపు చూశారు.

"చెప్పానా?" అన్నారు ఆంటీ, వంకాయల మీంచి తల ఎత్తకుండా.

"నువ్వు కంపు అన్నావు, విషం అనలేదు."

"నాకు రెండూ ఒకటే."

చాలాసేపు బేరం జరిగింది. చివరికి ఒప్పందం ఇది: ఆయన కాసిన రెండు సీసాలూ ఆ రోజే సింకులో పోతాయి. మిషన్‌లో ఇక నీళ్లు తప్ప ఏదీ పడదు. బదులుగా, షాపులో కొన్న మామూలు వోడ్కాని బొగ్గులో వడపోసే ఫిల్టర్ తయారు చేయడానికి నేను సాయం చేయాలి. ఫిల్టర్ ఆయన చేతి పనే కాబట్టి డాక్టరు గారి ముందు అది ఆయన సృష్టి కిందే లెక్క.

"బాగుంది అంటే సరే," అన్నారు అంకుల్. "అనకపోతే మాత్రం నా యాపిల్స్, నా మిషన్, నా ఇష్టం."

అంటే, అనకపోతే నేను మళ్లీ కర్టెన్ వెనక్కి వెళ్లాలి. డాక్టరు గారింట్లో భోజనం రెండు వారాల్లో, ఆదివారం మధ్యాహ్నం.

ఫిల్టర్ పనికి పదమూడు అంశాల జాబితా రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ప్లాస్టిక్ గొట్టం వద్దు, స్పిరిట్ దాన్ని కరిగించి తనలో కలుపుకుంటుంది. అంకుల్ గ్యారేజీలోంచి స్టీలు గొట్టం తెచ్చి, అంచులు నున్నగా అరగదీసి, అడుగున కాఫీ ఫిల్టర్ కాగితం బిగించడానికి స్క్రూ మూత కూడా చేశారు. చేపల తొట్టిలో వేసే బొగ్గు వద్దు, తాగే నీటికి వాడే కొబ్బరి చిప్ప బొగ్గు కావాలి. అది తెప్పించాను.

"కొబ్బరి చిప్పల్ని కాల్చి, డబ్బాలో పెట్టి, ఇంత దూరం పంపించారా!" అని ఆంటీ నల్లటి పలుకుల్ని వేళ్లతో తిరగేశారు. "మా అమ్మ వీటితో ఇస్త్రీపెట్టె వేడిచేసేది. వాసన ఎలా తీస్తుంది నాన్నా ఇది?"

నాకు అడిగితే చాలు. ఒక చెంచాడు బొగ్గులో కంటికి కనపడని సొరంగాలు ఎన్నుంటాయో, గాలిలోని వాసన వాటి గోడలకెలా అతుక్కుంటుందో, ఆవిడ పొయ్యి మీది చిమ్నీలోనూ ఇదే ఎందుకుంటుందో పది నిమిషాలు చెప్పాను. బొమ్మ కూడా గీశాను. ఆంటీ శ్రద్ధగా విన్నారు.

"అంటే పక్కన పెడితే చాలు, గాలిలో వాసన లాగేస్తుంది."

"కరెక్ట్ ఆంటీ!"

అంత చక్కగా అర్థం చేసుకున్న శ్రోత నాకు కాలేజీలో కూడా దొరకలేదు.

శుక్రవారం ఉదయం బొగ్గుని వేడినీళ్లతో ఏడుసార్లు కడిగాను. ఏడోసారికి నీళ్లు తెల్లగా వచ్చాయి. ఓవెన్‌లో ఆరబెట్టి, పళ్లెంలో పరిచి, కిచెన్ గట్టు మీద చల్లారబెట్టి, వేర్‌హౌస్‌లో షిఫ్టుకి వెళ్లిపోయాను.

శనివారం పొద్దున గొట్టం నింపి వడపోత మొదలుపెట్టాం. చుక్క, చుక్క. అంకుల్ స్టూలు వేసుకుని చేతిగడియారంతో చుక్కలు లెక్కపెట్టారు. నిమిషానికి అరవై దాటితే గాలి తగ్గేలా గొట్టం పై మూత బిగించేవారు. ఫ్యాక్టరీలో ఆయన ఎలా ఉండేవారో ఆ రోజు చూశాను. మధ్యాహ్నానికి ఒక సీసా నిండింది. వెలుగుకి పట్టి చూస్తే మచ్చ లేదు.

రుచి చూడాలి. పన్నెండో అంశం అదే. కానీ ఆ రోజు శనివారం. వెంకటేశ్వర స్వామి వారం. ఆయన ముట్టరు, నేనూ ముట్టను. ఈ సంగతి షెడ్యూలు వేసినప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

"వాసన చూడొచ్చు కదా," అన్నారు అంకుల్. "వాసనకి దోషం లేదు."

ఆయన చూశారు. నేను చూశాను. ఆంటీకీ చూపించాం. ముగ్గురం ఒకటే మాట అన్నాం: ఏ వాసనా లేదు.

ఆదివారం ఆంటీ డ్రైవ్ చేశారు. అంకుల్ సీసాని ఒళ్లో పసిపిల్లలా పట్టుకున్నారు. మూత మీద మైనం కరిగించి సీలు కూడా వేశారు. నేను వెనక సీట్లో పెరుగు గిన్నె పట్టుకుని, మనసులో 'బాగుంది, బాగుంది' అని జపం చేస్తున్నాను.

డాక్టరు గారు పొడుగాటి మనిషి, కర్నూలు యాస ఇంకా చెక్కుచెదరలేదు. గుమ్మంలోనే సీసా చూసి, "ఏమప్పా ఇంజనీరూ, ఈసారి ఏం మందు? తలుపులకు పూసేదా?" అన్నారు.

"ముందు తాగు డాక్టరూ, తర్వాత మాట్లాడు."

హాల్లో పదిమంది దాకా ఉన్నారు. సీలు పగలగొట్టి చిన్న గ్లాసులో పోశారు. డాక్టరు గారు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయారు. మళ్లీ చూశారు. ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, తెరిచారు.

"ఒరేయ్," అన్నారు చాలా నెమ్మదిగా. "ఇందులో ఇంగువ ఏందిరా?"

"ఇంగువేంటి?"

"నువ్వే చూడు! ఇంగువ, ఆవాలు, కరివేపాకు. ఎవరో వోడ్కాకి తిరగమోత పెట్టినారు."

గ్లాసు చేతులు మారింది. వాసన చూసినవాళ్లు చూసినట్టే నవ్వడం మొదలుపెట్టారు. అంకుల్ నావైపు తిరిగారు. నేను పదమూడు అంశాలనూ మనసులో మొదటి నుంచి చదువుకుంటున్నాను. ఎక్కడా తప్పులేదు.

అప్పుడు ఆంటీ, ఎంతో సంతోషంగా, "శుక్రవారం గుడికి నలభై మందికి పులిహోర చేశాను కదా," అన్నారు. "చలికి కిటికీలు తీయలేం. అబ్బాయి చెప్పాడని ఆ బొగ్గు పళ్లేన్ని పొయ్యి పక్కనే పెట్టుకున్నాను. భలే లాగేసింది! ఇల్లంతా ఇంత వాసన లేదు."

అదీ సంగతి. జాబితాలో లేని పద్నాలుగో అంశం: బొగ్గు మీద మూత పెట్టాలి. గాలిలోంచి బొగ్గు పట్టుకున్నదాన్ని స్పిరిట్ కడిగి తనలోకి తెచ్చుకుంది. పాఠం చెప్పింది నేనే, మూత పెట్టనిది నేనే. ఇంక వాసన చూసిన మా ముగ్గురి ముక్కుల మాట. ఆ ఇంట్లో ఇంగువ వాసన మాకు వాసన కిందే లెక్క కాదు.

"తప్పు నాది అంకుల్," అన్నాను. "ఆంటీకి నేనే చెప్పిన."

"ఇంగువ కట్టిన గుడ్డ అంటారు గదా," అన్నారు డాక్టరు గారు, "వీడు ఇంగువ కట్టిన బొగ్గు కనిపెట్టినాడు!"

నవ్వులు ఆగలేదు. అంకుల్ కూడా నవ్వుతున్నారు గానీ సీసా మూత మళ్లీ బిగిస్తున్నారు. ఆ చేతుల్ని చూస్తే నాకు రెండో కర్టెన్ కనిపించింది.

"ఏయ్, మూత ఎందుకు పెడుతున్నావ్? ఇటియ్యి," అని డాక్టరు గారు సీసా లాక్కున్నారు. ఫ్రిజ్‌లోంచి టమాటా జ్యూస్ డబ్బా తీశారు. ఇక్కడివాళ్లు వోడ్కాలో టమాటా కలుపుకుని తాగే అలవాటు ఉంది. ఆయన దాంట్లో మిరియాల పొడి, ఉప్పు, నిమ్మకాయ వేసి, మా సీసాలోది పోసి కలిపారు. ఒక గుక్క. ఇంకో గుక్క. గ్లాసు ఖాళీ చేసి, రెండోది కలుపుకున్నారు.

"ఎలా ఉంది?" అన్నారు అంకుల్.

"చారు మాదిరి ఉంది."

"చారు మాదిరి అంటే బాగున్నట్టా, బాగోనట్టా?"

"తాగుతున్నా గదప్పా!"

"నోటితో చెప్పు."

"నోటితోనే గదా తాగుతుండేది."

మిగతావాళ్లూ తలా ఒక గ్లాసు అడిగారు. భోజనాల్లోపే సీసా అయిపోయింది. ఆ మాట మాత్రం ఆయన నోట రాలేదు.

తిరుగు ప్రయాణంలో అంకుల్ ఖాళీ సీసాని ఒళ్లో పెట్టుకున్నారు. హైవే పక్కన మంచు కుప్పలు నల్లగా ఉన్నాయి.

"అనలేదు," అన్నారు అంకుల్.

"రెండు గ్లాసులు అంకుల్. భోజనానికి ముందే."

"ఒప్పందంలో గ్లాసుల లెక్క లేదు. మాట ఉంది."

ఒప్పందానికి తలూపింది నేనే, నిబంధన స్పష్టంగానే ఉంది. పెరుగు గిన్నెను కాళ్ల మధ్య సర్దుకున్నాను.

అప్పుడు ఆంటీ ఫోన్ మోగింది. కారు స్పీకర్లోంచి డాక్టరు గారి గొంతు వచ్చింది. అంకుల్ కూడా వింటున్నారని ఆయనకు తెలియనట్టుంది, లేదా తెలిసే కావచ్చు.

"అమ్మా, పైనెల ఇరవైమంది వస్తున్నారు. వాడిని రెండు సీసాలు చెయ్యమను. నువ్వు తిరగమోతలో ఎండుమిరపకాయ కొంచెం ఎక్కువ వెయ్యి. బాగుండాది గానీ, కారం చాల్లేదు."

అంకుల్ ముందు సీట్లో నిటారుగా కూర్చున్నారు. వెనక్కి తిరిగి నాకొక వేలు చూపించారు. ఒకటి, అన్నట్టు. ముప్పై ఏళ్లకి ఒకటి.

"సరే అన్నయ్య గారూ, ఉంటాను," అని ఆంటీ ఫోన్ పెట్టేశారు. "ఆ బొగ్గుని గోంగూర పులుసు రోజు పెడితే ఎలా ఉంటుందంటావు నాన్నా?"

మర్నాడు నేను క్లాసుకి బయల్దేరేసరికి నాలుగో యంత్రం నడుస్తోంది. ఆగి వాసన చూశాను. వేడినీళ్ల ఆవిరి, అంతే. మెట్లెక్కి కిచెన్‌లో ఫ్రిజ్ వైపు చూశాను. నా జాబితా కింద, ఆంటీ గుండ్రటి అక్షరాల్లో కొత్త అంశం చేరింది: "14. బొగ్గు పళ్లెం పొయ్యికి ఎడమ పక్కన. మూత పెట్టొద్దు."

దాని కింద అంకుల్ పెన్నుతో: "15. శనివారం చేయొద్దు."